రక్తమిచ్చిన వాళ్లకు మందేదీ?

వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే పల్లెల్లో హంటింగ్టన్స్ వ్యాధి మరెక్కడా లేనంత ఎక్కువ. సాధారణంగా నడివయసులో మొదలవుతుంది. ఒళ్లు దానంతటదే ఊగిపోతూ, మాట పోయి, మతి పోయి, పదిహేను ఇరవై ఏళ్లలో మనిషి పోతుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం.

1981 నుంచి నాన్సీ వెక్స్‌లర్ బృందం ఏటా ఆ పల్లెలకు వెళ్లింది. ఆమె తల్లి 1978లో ఈ జబ్బుతోనే చనిపోయింది. పల్లెజనం వేల సంఖ్యలో రక్తమిచ్చారు. 1983లో జన్యువు ఏ క్రోమోజోము మీదుందో తెలియడానికీ, 1993లో జన్యువే దొరకడానికీ ఆ రక్తం ఆధారమైంది. ఇవాళ్టి మందుల ప్రయోగాలకు పునాది అదే.

ఆ ప్రయోగాలు మరి ఎక్కడ జరిగాయి? వెన్నులోకి సూదితో ఎక్కించే టోమినెర్సెన్ అనే మందును 18 దేశాల్లో 791 మంది మీద పరీక్షించారు. 2021 మార్చిలో ఆపేశారు. తరచుగా మందు తీసుకున్నవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కంటే దిగజారారని తేలింది. ఆ 18 దేశాల్లో వెనిజులా లేదు. ప్రయోగం దెబ్బతింది కాబట్టి వాళ్లే నయమని ఎవరైనా అనవచ్చు. రేపొకటి ఫలిస్తే?

స్త్రీల సంగతి ఇంకొకటుంది. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటికి రోగి వెంట వచ్చి మార్పులు చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి భార్యో కూతురో అవుతుంది, ఆమె కూలి ఎవరి లెక్కలోనూ ఉండదు. ప్రయోగంలో చేరాలంటే జన్యుపరీక్ష తప్పదు. తాతకు జబ్బుండి మనవరాలికి పరీక్షలో ఉందని తేలితే, తనకు తెలియనక్కర్లేదనుకున్న తల్లి సంగతీ బయటపడ్డట్టే. సంతకం ఒకరిది, బయటపడేది ఇద్దరి బతుకు. తెలుసుకోకుండా ఉండే హక్కు గురించి అంగీకార పత్రంలో ఒక్క వాక్యమైనా ఉండాలి కదా!

సంతకాల మాటకొస్తే మనకు ఖమ్మం గుర్తు రాకమానదు. 2009లో అక్కడ హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు.

మన దేశంలో 2019 నిబంధనలు ప్రయోగం ముగిశాక కూడా కొన్ని షరతులతో మందు ఉచితంగా ఇవ్వాలంటాయి. అది ప్రయోగంలో పాల్గొన్న రోగికి మాత్రమే. ముప్పై ఏళ్ల కిందట రక్తమిచ్చిన ఊరికి అందులో చోటు లేదు. మందు తయారైతే ఆ ఊరికి ఏ ధరకు, ఎన్నాళ్లలో చేరుతుందో మొదటి చుక్క తీసుకునే ముందే, ఆ ఊరి ఆడవాళ్లకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలని మనం అడగాలి.