ఏ రకం విమానం?

మా అనంతపురం వాళ్ళు విమానం ఎక్కాలంటే మామూలుగా బెంగుళూరు పోతారు. మొన్న ఒక పెద్దాయన, కొడుకు కొన్న టిక్కెట్టు చూసి, "ఇది ఏ రకం ఇమానంరా నాయనా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు, నాకు నవ్వు రాలేదు. సంతలో ఎద్దును కొనేముందు పళ్ళూ సుళ్ళూ చూసే మనిషి, ప్రాణం అప్పగించే చోట అడగకూడదా?

1990 ఫిబ్రవరి 14న బొంబాయినుంచి వచ్చిన ఎయిర్‌బస్ ఏ-320 బెంగుళూరులో దిగబోతూ కూలింది. 146 మందిలో 92 మంది పోయారు. అప్పటికది కొత్త రకం. అంతా కంప్యూటర్లేనట అని జనం హడలిపోయారు. ప్రభుత్వం ఆ విమానాలను నెలల తరబడి నిలిపేసింది. తీరా విచారణలో, వేగం పడిపోవడం పైలట్లు సకాలంలో గమనించలేదని తేలింది. నేడు మన దేశంలో ఎక్కువగా ఎగిరేవి ఆ కుటుంబపు విమానాలే.

అలాగని జనం భయమంతా వట్టిదే అనుకోకండి. బోయింగ్ 737 మాక్స్ రకానివి 2018లో ఇండొనీషియాలో ఒకటి, 2019లో ఇథియోపియాలో ఒకటి కూలి, మొత్తం 346 మంది చనిపోయారు. ఒక్క సెన్సర్ తప్పు చెబితే చాలు, విమానం ముక్కును కిందికి వంచేసే ఏర్పాటు అప్పట్లో అందులో ఉండేది. మొదటి ప్రమాదం జరిగేదాకా చాలామంది పైలట్లకే ఆ సంగతి తెలియదు! దాన్ని సరిదిద్దాకే, 2021 ఆగస్టులో, మన దేశం మళ్ళీ ఎగరనిచ్చింది.

కనుక పేరు విని బెదరనూ వద్దు, పేరు చూసి నమ్మనూ వద్దు. ఏం చెడింది, ఏం బాగుచేశారు, నడిపేవాడికి చెప్పారా? ఈ మూడూ అడగండి. టిక్కెట్టు కొన్నవాడికి ఆ హక్కు ఉంది.