జటాయువు ఎక్కడ పడింది?

లేపాక్షి గుడికి వెళ్తే గైడు ముందుగా చెప్పేది జటాయువు సంగతే. రావణుడికి అడ్డం పడి, రెక్కలు తెగి, ఇక్కడే కూలిందట. రాముడు వచ్చి ‘లే పక్షీ’ అన్నాడట, ఊరికి ఆ పేరే నిలిచిందట. భద్రాచలం పక్కనున్న ఎటపాకలో అడిగి చూడండి, ఆ పోరు జరిగింది మా దగ్గరే అంటారు. (రాష్ట్ర విభజనలో ఎటపాక ఆంధ్రకు, భద్రాచలం తెలంగాణకు పోయాయి, జటాయువును ఎవరికి రాయాలో మాత్రం ఎవరూ తేల్చలేదు.) కేరళలోని చడయమంగళం వాళ్లయితే కొండ మీద 200 అడుగుల పొడవున పక్షి విగ్రహమే కట్టి 2018లో జనానికి తెరిచారు.

ఒక్క పక్షి ఇన్నిచోట్ల ఎలా పడుతుందని లెక్క తీసేవారు ఇదంతా ‘మిథ్’ అని కొట్టిపారేస్తారు. పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ ఆ మాటకు అపోహ అనే అర్థం. ఇక కథలోని ప్రతి అక్షరమూ జరిగిన చరిత్రేనని వాట్సాప్‌లో రుజువులు పంచేవారు ఇంకో పక్క. ఇద్దరూ కథను బోనెక్కించి సాక్ష్యమే అడుగుతున్నారు.

మాకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది. జటాయువు గెలవలేదు. ముసలి పక్షి, ఎదుట రావణుడు. ఓడతానని తెలిసే అడ్డం వెళ్లింది. రాముడు దానికి కన్నతండ్రికి చేసినట్టు దహన సంస్కారం చేశాడు. ఓడినవాళ్లను మావాళ్లని చెప్పుకోవడం లోకంలో అరుదు. ఈ పక్షి కోసం మాత్రం ఊళ్లు పోటీ పడుతున్నాయి.

లేపాక్షిలోనే ఇంకో కథ ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో ఈ గుడి కట్టించినవారు విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న కోపంతో విరూపణ్ణ కళ్లు పీకించమన్నాడట రాజు. భటులు వచ్చేదాకా ఆగకుండా తానే పీక్కుని గోడకేసి కొట్టాడట. సగంలో ఆగిన కల్యాణ మండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. వాటిని ప్రయోగశాలకు పంపితే తేలేది రాతి సంగతే. కట్టించిన మనిషికి కొలువులో దక్కిన మర్యాద ఏపాటిదో జనం ఆ మరకల మీదే చెప్పుకున్నారు, రాజుకు భయపడకుండా.

ఇదంతా నిజమేనా అని అడిగితే గైడు నవ్వి ఊరుకోవచ్చు. ఇంకెలా చెబుతారని అడిగితే, చూపులేని కొడుకు కోసం మొక్కుకున్న విరూపణ్ణ కథ ఒకటి బయటికొస్తుంది.