గామా పాఠంలో లేనివి

ఈ వారం ఓ పోటీ పరీక్షల గైడు తిరగేస్తుంటే మళ్లీ అదే ప్రశ్న. భారతదేశానికి సముద్ర మార్గం కనుగొన్నదెవరు? వాస్కో డ గామా, 1498. మా రోజుల్లోనూ ఇదే జవాబు. ఇన్నేళ్లలో దానికి ఒక్క వాక్యమైనా తోడు కాలేదంటే కడుపు మండిపోతోంది.

లిస్బన్ నుంచి ఆఫ్రికాను చుట్టి రావడం సామాన్య సాహసం కాదు, ఒప్పుకుంటాను. కానీ అరేబియా సముద్రం మీది దారి అరబ్బులకూ గుజరాతీలకూ తాతల నాటి నుంచీ తెలిసిందే. ఆఫ్రికా తూర్పు తీరంలోని మలిందీలో దారెరిగిన సరంగును తోడిస్తే గామా నెల తిరక్కుండా కాలికట్ తీరానికి వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో బయల్దేరితే అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. స్కర్వీతో నావికులు పిట్టల్లా రాలిపోయారు.

1502లో మళ్లీ వచ్చాడు, ఈసారి ఫిరంగులతో. మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను పట్టుకుని, సొమ్మంతా దోచుకుని, వందల మందితో సహా తగలబెట్టించాడు. తల్లులు పసిబిడ్డలను పైకెత్తి చూపించి ప్రాణభిక్ష అడిగారు. ఈ సంగతి రాసింది శత్రువులు కాదు, ఆ నౌకాదళంలోనే ఉన్న పోర్చుగీసు గుమాస్తా టోమే లోపెస్. ఆ తర్వాత కాలికట్ ముందు జాలర్లను తెరచాప కొయ్యలకు ఉరితీయించి, కాళ్లూ చేతులూ నరికించి పడవలో ఒడ్డుకు పంపాడు. గైడులో ఇవేవీ లేవు. గుంటూరు మీదుగా గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్‌కు మాత్రం నేటికీ అతని పేరే.

నాకు అంతకన్నా బాధ మన మోటుపల్లి రేవు గురించి. గామాకు రెండున్నర శతాబ్దాల ముందే, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు మొత్తం లాక్కునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప చిల్లిగవ్వ ముట్టనని, పరాయి దేశపు వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు. ముప్పైకి ఒక వంతు సుంకం! వ్యాపారం కోసం ఓడలను కాల్చనక్కర్లేదని తెలిసిన రాజు మనవాడు. గామా పుట్టుపూర్వోత్తరాలు బట్టీపట్టే మన పిల్లల్లో ఎందరికి మోటుపల్లి ఏ జిల్లాలో ఉందో తెలుసు?

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. గామాను తీసేయొద్దు. 1502ను కూడా రాయండి. పక్క పేజీలో మోటుపల్లి శాసనాన్ని అచ్చువేయండి.