గుడికి ఒక కాయ, పచ్చడికి అరచిప్ప

2025 కార్తీకంలో ఒక సోమవారం పొద్దున్నే మా భీమవరం సోమేశ్వరస్వామి గుడికి వెళ్ళాను. గుడి బయట కొబ్బరికాయ ధర విని నా ముందున్నావిడ ఒక్క క్షణం ఆగిపోయింది. రెండు కాయలు బేరమాడుతున్న మనిషి ఒకటే తీసుకుని, "దేవుడికి ఒకటి చాల్లెండి, పచ్చడికి ఇంట్లో వేరుశెనగ గుళ్ళున్నాయి" అని నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. చేపల చెరువు గట్టు మీద కూడా కొబ్బరిచెట్టు కనిపించే ఈ ప్రాంతంలో, కొబ్బరికాయని లెక్కపెట్టి కొనుక్కునే రోజొచ్చిందా అనిపించింది.

మా అత్తయ్యగారిది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెరట్లోనూ చేలగట్ల మీదా కలిపి నలభై చెట్లున్నాయి. నా పెళ్ళయిన కొత్తలో గోనెసంచి నిండా కాయలు బస్సు మీద వేసి పంపేవారు. కొబ్బరికి డబ్బు పెట్టాలన్న ఊహే మాకుండేది కాదు. 2023లో ధర బాగా పడిపోయినప్పుడైతే, "దింపు కూలీ, వలుపు కూలీ పోగా మిగిలేదేం లేదమ్మాయ్, మీరే తినండి" అని రెండు సంచులు పంపారు. 2025లో సంచి రాలేదు. నేనే ఫోన్ చేస్తే కాస్త మొహమాటపడుతూ, "షావుకారు తోటలోకే వచ్చి కొనుక్కుపోతున్నాడమ్మాయ్. ఇన్నాళ్ళకి నాలుగు డబ్బులు కళ్ళజూస్తున్నాం" అన్నారు. ఆవిడ సంతోషమూ, నా వంటింటి ఇబ్బందీ ఒకే కాయలోంచి వచ్చాయన్నమాట! అందుకే ధరలు మండిపోతున్నాయని గట్టిగా అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంతకీ ధర ఎందుకు పెరిగింది? కొబ్బరి గెల వేసిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందుకని ఒక వేసవిలో చెట్టుకి తగిలిన ఎండదెబ్బ మన వంటింటికి మరుసటి ఏడు గానీ చేరదు. 2023-24లో ఎల్‌నినో వల్ల ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లో కాపు తగ్గింది. ఇక్కడ కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లోనూ దిగుబడి పడిపోయింది. దానికి తోడు లేత బొండాలకి గిరాకీ పెరిగింది. బొండంగా కోసేసిన కాయ ఇక కొబ్బరి అవదు కదా. 2025 జూలై నాటికి కేరళలో లీటరు కొబ్బరినూనె నాలుగు వందలు దాటిపోయింది. ఆ ఏడు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మిల్లు కొబ్బరికి క్వింటాలు 11,582 రూపాయలు, కురిడీకి 12,100. బజారు ధర దాన్ని ఎప్పుడో దాటేసింది.

అలాగని మన రైతులందరికీ పండగేం కాదు. ధర ఉన్నప్పుడు చెట్టున కాయ ఉండొద్దూ? 2016లో పొల్లాచ్చిలో మొదట కనిపించిన తెల్లదోమ ఆ తర్వాత మన తోటల్లోకీ వచ్చింది. ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టి, పైన మసి పట్టించి చెట్టుని నీరసింపజేస్తుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉప్పునీటి బాధ మరొకటి. శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఉప్పునీరు ఎగదన్ని కేశనపల్లి దగ్గర తోటలు మొండెమొండెలుగా మిగిలిపోతే, 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వెళ్ళి చూశారు. దానికి నెల ముందే, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు నేలకూలడం చూసినవాళ్ళకి గాలి పెరిగితే ఇప్పటికీ నిద్ర పట్టదు. పోయిన చెట్టుకి బదులు నాటిన మొక్క కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు. ఆ మధ్యకాలం ఇల్లు ఎలా గడవాలి?

ఇక మన వంటిళ్ళ సంగతి. ధర పెరిగాక మా వీధిలో చాలామంది కొబ్బరి మానేశారు. మా ఇంట్లో అయితే అంతకు ముందే మానేశాం. మావారి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చిందని, డాక్టరుగారు "కొవ్వు తగ్గించండి" అనగానే నేను మొట్టమొదట కొబ్బరికాయని బయట పెట్టేశాను. సాయంత్రం పకోడీలు, బేకరీ పఫ్‌లు మాత్రం యథాప్రకారమే. ఆరు నెలల తర్వాత పరీక్షలో అంకె పెద్దగా కదల్లేదు. అప్పుడు గానీ కూర్చుని లెక్క చూడాలని నాకు తోచలేదు.

వంద గ్రాముల పచ్చికొబ్బరిలో సుమారు 350 కేలరీలు, 33 గ్రాముల కొవ్వు ఉంటాయి. అందులో 30 గ్రాములదాకా సంతృప్త కొవ్వే, అంటే చెడు కొలెస్ట్రాల్‌ని పెంచే రకం. పీచు కూడా 9 గ్రాములు ఉంది. నూనెలో అది పూర్తిగా పోతుంది. రోజుకి రెండు వేల కేలరీలు తినేవాళ్ళకి సంతృప్త కొవ్వు 22 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెద్ద చెంచాతో ఐదు చెంచాల కోరు, అంటే పాతిక గ్రాములు తింటే ఏడున్నర గ్రాములు. రోజు కోటాలో మూడోవంతు! ఓ అరచిప్పతో చేసిన పచ్చడి నలుగురు తింటే తలా ఇంతే వస్తుంది. మిగతా రెండు వంతుల్లో పాలు, పెరుగు, నెయ్యి, నూనె సర్దుకోవాలి.

కొబ్బరిని అమృతం అనేవాళ్ళూ, విషం అనేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. అమెరికా హృద్రోగ సంఘం 2017లో కొబ్బరినూనె వద్దనే చెప్పింది. పసిఫిక్‌లోని తోకెలావ్ దీవుల వాళ్ళ మీద 1981లో వచ్చిన పరిశోధన మరో సంగతి చెబుతుంది. వాళ్ళు తినే కేలరీల్లో సగానికి పైగా కొబ్బరివే అయినా గుండెజబ్బులు తక్కువే. అయితే వాళ్ళ భోజనం చేపలూ కొబ్బరీ, పంచదార తక్కువ. అదే మనుషులు న్యూజిలాండ్ వెళ్ళి స్థిరపడ్డాక కొబ్బరి తగ్గినా పంచదార పెరిగింది, రక్తంలో కొలెస్ట్రాలూ పెరిగింది. మనం సోఫాలో కూర్చుని, జీళ్ళూ జంతికలూ నములుతూ తోకెలావ్ వాళ్ళ పేరు చెప్పుకుంటే కుదరదు కదండీ! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన సూచనల్లోనూ నూనె, కొవ్వు మితంగా వాడమనే ఉంది.

కాబట్టి మా ఇంట్లో కొబ్బరి తిరిగి వచ్చింది, కాకపోతే నూనె గిన్నె పక్కకి జరిగింది. క్యాబేజీ, చిక్కుడుకాయ, అరటికాయ కూరలకి పోపులో ఒక్క చెంచా నూనె వేసి, దించేముందు కోరు చల్లితే చాలు, కమ్మగా ఉంటుంది. బీరకాయ ఎలాగూ నీరు ఊరుతుంది కనుక దానికి నూనె పేరుకే. కొబ్బరి అన్నం, లౌజు నెలకోసారి, ఎవరైనా వచ్చినప్పుడు. పాలు తీసినప్పుడు పిప్పి మాత్రం పారేయకండి. పీచంతా అందులోనే ఉండిపోతుంది. నేను దాన్ని వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు కలిపి పొడి కొడతాను. పిప్పి కాస్త దోసెల పిండిలో కలిపినా పిల్లలు కనిపెట్టరు. కొట్టిన కాయలో కళ్ళున్న చిప్ప ముందు పాడవుతుంది, దాన్నే ముందు వాడాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళు డాక్టర్ని అడగకుండా తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

మొన్న అత్తయ్యగారు తిరిగి ఫోన్ చేశారు. "పెద్దకాయలు షావుకారుకి ఇచ్చేశానమ్మాయ్. చిన్నవి ఓ పాతిక ఉన్నాయి, పంపించనా?" అన్నారు. అవి కూడా అమ్మేయండి, నేను కొనుక్కుంటాను అన్నాను. "నా దగ్గరా కొనుక్కునేది?" అని కోప్పడ్డారు. మర్నాడు మధ్యాహ్నం బస్సులో సంచి వచ్చింది. విప్పి లెక్కపెడితే ఇరవై ఎనిమిది, అందులో మూడు పెద్దవే.