పెళ్లి మొటిమలకు మందా?

"పెళ్లయితే అవే పోతాయిలే!" మొటిమలతో బాధపడే ఆడపిల్లకు మన ఇళ్లలో తరచూ దొరికే సలహా ఇది. "వేడి చేసింది, మామిడిపండ్లు మానెయ్" అన్నది మరొకటి. "మనసులో ఎవరున్నారే?" అన్న ఆరా వీటన్నిటికన్నా దారుణం. ముఖం మీది పొక్కును పిల్ల నడవడికకు సాక్ష్యం చేసేస్తారు.

అసలు జరిగేది వేరు. యవ్వనంలో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి. ఇవి ఆడవాళ్లలోనూ ఉంటాయి. వాటి ప్రభావంతో వెంట్రుకల కుదుళ్ల దగ్గరి గ్రంథులు సెబమ్ అనే జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి. రాలిపోవాల్సిన చర్మకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది, వాపు వస్తుంది, చీము పడుతుంది. బ్లాక్‌హెడ్‌లోని నలుపు కూడా మురికి కాదు. అందుకే ఎంత రుద్ది కడిగినా పోదు, చర్మం రేగుతుంది తప్ప.

"పెళ్లయ్యాక తగ్గినవాళ్లను కళ్లారా చూశాం" అంటారు. చూసింది నిజమే, చెప్పే కారణమే తప్పు. చాలామందికి ఇరవైల్లో మొటిమలు వాటంతటవే తగ్గుముఖం పడతాయి. మనవాళ్లు పెళ్లిళ్లు చేసేదీ ఆ వయసులోనే. పిల్లలు పుట్టాక కూడా మొటిమలతో అవస్థపడే స్త్రీలు మాత్రం ఎవరి లెక్కలోకీ రారు. మొక్కులదీ ఇదే తీరు. మొటిమలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, బాగా ఎక్కువైనప్పుడే మొక్కుకుంటాం. తగ్గితే దేవుడి మహిమ, తగ్గకపోతే భక్తి చాలలేదు! ఏం జరిగినా ఓడిపోని నమ్మకాన్ని పరీక్షించే దారే ఉండదు.

తిండికి సంబంధమే లేదని కాదు. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారం తగ్గించినప్పుడు మొటిమలు తగ్గాయని 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు 12 వారాల అధ్యయనంలో చూపారు. రక్తంలో చక్కెరను కొలవగలం. "వేడి"ని ఎవరు, దేంతో కొలిచారు?

ఈ నమ్మకాల ఖరీదు చెల్లించేది పిల్లలే. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటే, ముందు ఎర్రదనం తగ్గి ముఖం నిగనిగలాడుతుంది. వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, మానేయగానే మొటిమలు విరుచుకుపడతాయి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద రోమాలు కూడా వస్తుంటే అది పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే హార్మోన్ల సమస్య కావచ్చు. పెళ్లి దాకా ఆగమనడం దానికి చేయించాల్సిన పరీక్షను వాయిదా వేయడమే.

బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి మందులున్నాయి. ఫలితం కనిపించడానికి 6 నుంచి 8 వారాలైనా పడుతుంది. తీవ్రమైన మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్‌ను డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. గర్భిణులు వాడితే బిడ్డకు అవకరాలు రావచ్చు. గుంటలు పడ్డాక చర్మాన్ని మునుపటిలా చేయడం కష్టం. కాబట్టి పిల్లను నిలదీయడం మాని, చర్మవైద్యుల దగ్గరకు త్వరగా తీసుకెళ్లండి.