మాయం కాలేదు, ఎవరూ చూడలేదు

2013 అక్టోబర్ 29. అమెరికాలోని నాష్‌విల్ అంతర్జాతీయ విమానాశ్రయం. తెల్లవారుజామున రెండు దాటాక, దట్టమైన పొగమంచులో ఒక సెస్నా 172 కూలి తగలబడిపోయింది. కూలింది ఏ అడవిలోనో సముద్రంలోనో కాదు, సాక్షాత్తూ రన్‌వే మీద. లోపల ఉన్నది పైలట్ ఒక్కడే, చనిపోయాడు. టవర్‌లో కంట్రోలర్లు డ్యూటీలోనే ఉన్నారు. ఆ శిథిలాల్ని మొదట చూసింది మాత్రం ఉదయం తొమ్మిది కావస్తుండగా, అటుగా తన విమానాన్ని నడుపుకుంటూ వెళ్తున్న ఇంకో చిన్న విమానం పైలట్.

ఈ సంగతి ఎవరికి చెప్పినా వచ్చే మొదటి మాట ఒకటే. "ఈ రోజుల్లో అదెలా కుదురుతుంది? ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, గూగుల్ మ్యాప్‌లో మా ఇంటి ముందు బండి కూడా కనబడుతుంది కదా!" నా పేచీ ఈ మాటతోనే. దీని వెనక ఒక నమ్మకం ఉంది: పైనెక్కడో ఒక కన్ను ఎప్పుడూ మనల్ని చూస్తూనే ఉంటుందని. ఒకప్పుడు ఆ ఉద్యోగం దేవుడిది, ఇప్పుడు ఉపగ్రహానికిచ్చాం. ఆ కన్ను లేదు. ఉన్నవల్లా కెమెరాలు, వాటి ముందు ఎవరూ కూర్చోని కుర్చీలు.

నాష్‌విల్‌లో జరిగింది చాలా మామూలు విషయం. ఆ విమానం కెనడాలోని విండ్సర్ నించి బయల్దేరింది. నాష్‌విల్ వస్తున్నానని పైలట్ ఎవరికీ చెప్పలేదు, టవర్‌ని రేడియోలో పిలవలేదు. అక్కడ దాని కోసం ఎదురుచూసేవాళ్లే లేరు. రానివాడి కోసం ఎవరైనా ఎందుకు కిటికీలోంచి చూస్తారు?

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త కాదు. సర్వర్ చచ్చిపోతే ఫోన్ చేసి "నేను పోయాను" అని చెప్పదు. అందుకే అది నిమిషానికోసారి "బతికే ఉన్నా" అని కబురు పంపేలా పెడతాం, ఆ కబురు ఆగితే మోగే గంట ఇంకోచోట పెడతాం. మౌనం దానంతటది వార్త కాదు. ఎవరో లెక్కపెడుతూ ఉంటేనే అవుతుంది. విమానాల్లో ఆ లెక్క పేరు ఫ్లైట్ ప్లాన్. అమెరికాలో అది దాఖలు చేసిన చిన్న విమానం చేరాల్సిన టైమ్ దాటి అరగంటైనా "దిగాను" అన్న కబురు రాకపోతే వాకబు మొదలవుతుంది. కానీ మంచి వాతావరణంలో, కంటిచూపుతో నడిపే ప్రైవేటు పైలట్‌కి దేశం లోపల ఆ కాగితం తప్పనిసరి కాదు. మన దేశంలో ఫ్లైట్ ప్లాన్, రక్షణ శాఖ ఇచ్చే క్లియరెన్స్ నంబరు లేకుండా దాదాపు ఏ విమానమూ ఊరు దాటదు. అయితే అది పైలట్ మీద ప్రేమతో పెట్టిన రూలు కాదు, అనుమానంతో పెట్టింది. (ఒక్కోసారి అనుమానమే ఎక్కువ శ్రద్ధగా చూస్తుంది.)

ఎదురుచూసేవాళ్లున్నా ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఏమవుతుందో 1967 చెప్తుంది. ఆ మార్చిలో కాలిఫోర్నియా ఉత్తరాన మంచుకొండల్లో ఒక కుటుంబం వెళ్తున్న సెస్నా కూలింది. గాలించారు, దొరకలేదు, ఆపేశారు. అక్టోబర్‌లో ఒక వేటగాడు ఆ విమానం దగ్గరికి చేరాడు. అందులో టీనేజ్ కూతురు రాసిన డైరీ ఉంది. దాని ప్రకారం తల్లీ కూతురూ ఏడు వారాలకు పైగా బతికే ఉన్నారు. ఏడు వారాలు! నేను ఆ డైరీ గురించి చదివాక "మిస్టరీ" అనే మాట వాడ్డం మానేశాను.

ఆ డైరీ కదిలించిన దేశం 1970 చివర్లో చట్టం చేసింది. కార్మికుల భద్రత కోసం తెచ్చిన చట్టంలో ఒక మూలన, 31వ సెక్షన్‌గా, చిన్న విమానాల్లో ఈఎల్‌టీ ఉండాలని పెట్టారు. ఈఎల్‌టీ అంటే కూలిన కుదుపుకి దానంతటదే మోగే రేడియో. మొదట్లో అవి 121.5 మెగాహెర్ట్జ్‌లో మోగేవి. ఎవరి విమానమో చెప్పేవి కావు, పైగా వచ్చే అలారాల్లో అత్యధికం ఉత్తుత్తివే. తర్వాత 406 మెగాహెర్ట్జ్‌వి వచ్చాయి, వాటి సిగ్నల్‌లోనే విమానం ఆనవాలు ఉంటుంది. 2009 ఫిబ్రవరి 1 నించి ఉపగ్రహాలు 121.5ని వినడం మానేశాయి.

మరి పాతవి బిగించి ఉన్న విమానాల సంగతి? అలాగే ఎగరొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. 2010లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పాతవాటిని నిషేధించబోతే, ప్రైవేటు పైలట్ల సంఘం ఏఓపీఏ ఖర్చు ఎక్కువని అడ్డుపడింది. అంటే ఏ ఉపగ్రహమూ వినని ఫ్రీక్వెన్సీలో అరిచే పరికరాన్ని బిగించుకుని, తనిఖీ కాగితం మీద టిక్ పెట్టించుకుని, నిశ్చింతగా గాల్లోకి లేవొచ్చన్నమాట. పైన వెళ్లే విమానాలేవైనా ఆ ఛానెల్ వింటుంటే అదృష్టం. స్వేచ్ఛ అంటే నాకూ ఇష్టమే. కానీ ఈ స్వేచ్ఛకి బిల్లు కట్టేది పైలట్ ఒక్కడే కాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కడతారు, తర్వాత కొండలెక్కి వెతికేవాళ్లు కడతారు.

తెలుగువాళ్లకి ఇంకో లెక్క తెలుసు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేటలో లేచింది. వెళ్లే దారి తెలుసు, చేరాల్సిన ఊరు తెలుసు, రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని ఉంది. వైమానిక దళం సుఖోయ్‌తో కూడా గాలించింది. అయినా నల్లమలలో పావురాలగుట్ట మీద ఆ శిథిలాలు కనబడ్డానికి మర్నాటి ఉదయం దాకా పట్టింది. ముఖ్యమంత్రికే ఒక పగలూ ఒక రాత్రీ పట్టిన అడవిలో, కుట్ర లేకపోతే ఇంత ఆలస్యమా అని ఇప్పటికీ అడిగేవాళ్లు ఒకసారి శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఆగి కిందికి చూడాలి.

ఇక స్టీవ్ ఫాసెట్. బెలూన్‌లో ఒంటరిగా, ఆగకుండా ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి. 2007 సెప్టెంబర్ 3న నెవాడాలో ఒక రాంచ్ నించి చిన్న విమానంలో అలా తిరిగొస్తానని వెళ్లాడు. ఫ్లైట్ ప్లాన్ లేదు. రాలేదని కొన్ని గంటల్లోనే తెలిసింది. ఎటు వెళ్లాడో తెలియలేదు. అప్పుడు మా ఫీల్డ్ వాళ్లు రంగంలోకి దిగారు. ఉపగ్రహ చిత్రాల్ని ముక్కలు చేసి అమెజాన్ మెకానికల్ టర్క్‌లో పెడితే, వేలమంది ఇళ్లలో కూర్చుని ఒక్కో ముక్కా చూసి విమానంలా ఉందో లేదో చెప్పారు. ఆ ఏడాది మొదట్లోనే డేటాబేస్ శాస్త్రవేత్త జిమ్ గ్రే పడవతో సహా కనబడకుండా పోయినప్పుడూ ఇదే చేశారు. రెండుసార్లూ దొరకలేదు. వెతికినవాళ్ల మంచితనాన్ని నేను శంకించను. వాళ్లకిచ్చిన ప్రశ్నే తప్పు. కొండని గుద్దుకుని కాలిపోయిన చిన్న విమానం విమానంలా ఉండదు. రెక్కలుండవు, తోక ఉండదు. రాళ్ల మధ్య ఇంకొన్ని రాళ్లలా ఉంటుంది. ఏడాది తర్వాత, 2008 అక్టోబర్ 1న బయటపడిన సంగతి: కాలిఫోర్నియాలో మామత్ లేక్స్ దగ్గర కాలినడకన వెళ్తున్న ఒకాయనకి నేల మీద ఫాసెట్ గుర్తింపు కార్డులు దొరికాయి. ఉపగ్రహం కాదు, ప్రోగ్రామ్ కాదు. నడుస్తూ కిందికి చూసిన మనిషి.

ఈలోగా ఆయన చావు నటించాడన్న కథలు పత్రికల్లో వచ్చేశాయి. సాహిత్యం చదివే మనమూ తక్కువేం కాదు. లిటిల్ ప్రిన్స్ రాసిన సెయింట్ ఎగ్జూపరీ 1944లో విమానంతో సహా కనబడకుండా పోతే, అది ఆ కథకి కొనసాగింపన్నట్టు మురిసిపోతాం. 1998లో మార్సే దగ్గర జాలరి వలలో పడిన ఆయన బ్రేస్‌లెట్ మనకంత రుచించదు. మన పేపర్లు కూడా "విమానం అదృశ్యం" అనే రాస్తాయి, అదేదో విమానం చేసిన పనైనట్టు. "విమానం కనబడలేదు" అంటే ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది కాబట్టి కాబోలు.

ఫాసెట్ కోసం గాలిస్తున్న మొదటి వారంలో, అదే ఎడారుల్లో, ఇంతకుముందు ఎవరి లెక్కలోనూ లేని పాత విమాన శిథిలాలు ఎనిమిది కనబడ్డాయని వార్తలొచ్చాయి. కొన్ని దశాబ్దాల నాటివట. ఆ ఎనిమిదింటి కోసం ఎక్కడో, ఎప్పుడో, ఎవరో భోజనం మూతపెట్టి ఎదురుచూసే ఉంటారు. గాలింపు బృందాలు కిందికి చూసి, ఇది ఫాసెట్‌ది కాదని తేల్చుకుని, ముందుకెళ్లిపోయాయి.