శవాలకు జడవని పిల్ల ఫోనుకు జడిసింది

దయ్యాల సీరియల్ మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. వరకట్న హత్యలు ఆగలేదు. గృహహింస కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి మూలుగుతున్నాయి. ఇంటిపనికి విలువ కట్టేవాళ్ళు లేరు. ఇన్ని ఉండగా చచ్చి లేచినవాళ్ళ కథతో మనకేం పని? పని ఉంది. సికిందరాబాదు బస్తీల్లో, రైల్వే క్వార్టర్లలో ఇంటర్, డిగ్రీ చదువుతున్న ఆడపిల్లల్ని ఈమధ్య ఏం చూస్తున్నారని అడిగి చూడండి. కొరియా సీరియళ్ళ పేర్లు గడగడా అప్పజెబుతారు. చేతిలో ఉన్న ఫోనే వాళ్ళ టీవీ. ఆ ఫోనులోకి వచ్చిన ఒక కథ సరిగ్గా ఫోను గురించే ఒక మాట చెప్పింది. దాన్ని చూసినవాళ్ళు ఎవరి మీద జాలిపడ్డారు, ఎవరిని తిట్టుకున్నారు అన్నది మహిళా సంఘాలు పట్టించుకోవలసిన సంగతి.

‘ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్’ అనే ఈ సీరియల్ మొదటి సీజన్ 2022 జనవరి 28న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. మొత్తం 12 భాగాలు. 2009-2011 మధ్య ఇంటర్నెట్‌లో ధారావాహికంగా వచ్చిన జూ డాంగ్-గున్ బొమ్మల కథ దీనికి ఆధారం. కొరియా భాషలో దాని పేరుకు ‘ఇప్పుడు మా బడి’ అన్నట్టు అర్థం వస్తుంది. మొదటి మూడు రోజుల్లోనే ప్రపంచమంతటా కలిపి 12 కోట్ల గంటలకు పైగా చూశారని ఆ సంస్థ లెక్క చెప్పింది.

జాంబీ అంటే చచ్చి లేచి, మనుషుల్ని కరిచి, తనలాగే మార్చేసే శవం. మన తెలుగువాళ్ళకు ఆ మాటను బాగా అలవాటు చేసింది 2021 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ సినిమా ‘జాంబీ రెడ్డి’. రాయలసీమ ముఠాకక్షల మధ్యకు జాంబీలను తెచ్చి ఆ సినిమా నవ్వించింది. కొరియా సీరియల్ వాటిని ఒక హైస్కూల్లోకి వదిలింది. అక్కడ జబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తన కొడుకును తోటి విద్యార్థులు చావగొడుతుంటే బడి పెద్దలు కప్పిపుచ్చారు. కొడుక్కి ఎదురు తిరిగే శక్తి రావాలని సైన్సు మాస్టారు చేసిన ప్రయోగం వికటించింది. బడి పరువు కోసం దాచిన హింసే చివరికి ఊరిని మింగిందని కథ మొదట్లోనే చెప్పేసింది.

ఆ బడిలో ఉన్-జి అనే అమ్మాయి ఉంది. రౌడీమూక ఆమెను పట్టుకుని, బట్టలు విప్పించి, ఫోనులో వీడియో తీస్తుంది. ఆమె చచ్చిపోదామని మేడ ఎక్కుతుంది. ఇంతలో బడి నిండా శవాలు లేస్తాయి. అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెడుతుంటే ఈ అమ్మాయి ఆ వీడియో ఉన్న ఫోను కోసం వెతుకుతుంది. తను పోయినా ఆ వీడియో ఉంటుందన్నది ఆమె భయం. ఆ భయం ముందు శవాలు ఆమెకు లెక్కలోకి రాలేదు.

ఈ సన్నివేశం మీద కొరియాలోనే పెద్ద విమర్శ వచ్చింది. ఒక మైనరు పిల్లకు జరిగే లైంగిక హింసను అంత వివరంగా, అంతసేపు చూపించాలా, ఇది వినోదమా అని ప్రేక్షకులు నిలదీశారు. ప్రేక్షకుల్ని ఆకర్షించడానికి పెట్టిన సన్నివేశం కాదనీ, సమాజంలో జరుగుతున్నదాన్ని చూపాలనుకున్నాననీ, ఎవరికైనా బాధ కలిగితే క్షమించాలనీ దర్శకుడు లీ జే-గ్యూ చెప్పుకున్నారు. ఆయనను సమర్థించినవాళ్ళు కూడా ఉన్నారు. జరుగుతున్నదే కదా చూపించాడు, కళ్ళు మూసుకుంటే పోతుందా అన్నారు.

ఈ వాదన మనకు కొత్తది కాదు. 1974లో హైదరాబాదులో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ నాటి నుంచి జంటనగరాల్లో మహిళా సంఘాలు అశ్లీల పోస్టర్ల మీద పోరాటం చేస్తూ వచ్చాయి. 1986లో స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆ పోరాటంలో మనం నేర్చుకున్న పాఠం ఒకటుంది. మనం స్త్రీల గౌరవం గురించి మాట్లాడుతుంటే, పక్కనుంచి సంస్కృతి రక్షకులు వచ్చి ఆడపిల్లల బట్టల గురించి మాట్లాడారు. మన నినాదాన్నే తీసుకుని మన కాళ్ళకు అడ్డం వేశారు. అందుకే ఈ సీరియల్‌ను నిషేధించమని మనం అడగం. కానీ కొరియా ప్రేక్షకులు వేసిన ప్రశ్నను వదలకూడదు. కథలో రౌడీ తన ఫోనును ఎక్కడ పెట్టి తీస్తున్నాడో, సీరియల్ తీసినవాళ్ళు తమ కెమెరాను అక్కడే పెడితే, చూసేవాళ్ళంతా ఆ మూకలో నిలబడినట్టు అవుతుంది. హింస జరిగిందని చెప్పడానికి ఆ పిల్ల ఒంటిని చూపించనక్కర్లేదు. ఆమె ముఖం చాలు. చుట్టూ నవ్వుతున్న ముఖాలు చాలు.

అక్కడి ప్రేక్షకులకు అంత కోపం రావడానికి కారణం కూడా ఉంది. అప్పటికి రెండేళ్ళ క్రితమే ఆ దేశాన్ని ‘ఎన్త్ రూమ్’ కేసు కుదిపేసింది. టెలిగ్రామ్‌లో రహస్య గదులు తెరిచి, ఆడపిల్లల్ని బెదిరించి తీయించిన వీడియోలను డబ్బుకు అమ్మారు. ఒక ముఠా కేసులోనే కనీసం 74 మంది బాధితులనీ, వారిలో 16 మంది మైనర్లనీ పోలీసులు తేల్చారు. 2019లో దీన్ని ముందుగా బయటికి లాగినవాళ్ళు జర్నలిజం చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు. 2020 మార్చిలో నిందితుడి పేరు బయటపెట్టాలని 20 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ముఠా నాయకుడికి కింది కోర్టు 40 ఏళ్ళు, పై కోర్టు 42 ఏళ్ళు జైలుశిక్ష వేశాయి. దాన్ని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంటే ఉన్-జి వంటి పిల్లల కథ అక్కడివాళ్ళు పేపర్లో చదివి ఉన్నారు.

ఇక రెండో రకం స్పందన చూడండి. ఈ సీజన్‌లో నా-యోన్ అనే డబ్బున్న పిల్ల ఉంది. ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబం నుంచి వచ్చిన తోటి విద్యార్థిని ఆమె హీనంగా చూస్తుంది. చివరికి అతనికి జబ్బు అంటించి చంపుతుంది. ప్రేక్షకుల తిట్లు ఆమె మీద వర్షంలా కురిశాయి. ఆమె చేసింది హత్యే, ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ అదే కథలో గ్వి-నామ్ అనే రౌడీ ఉన్నాడు. ఉన్-జిని వేధించిన మూకలో వాడొకడు. హెడ్మాస్టరును చంపాడు, పిల్లల్ని వెంటాడి వేటాడాడు. వాడిని అసహ్యించుకున్నవాళ్ళతో పాటు ఎంత కొట్టినా చావని వాడి మొండితనాన్ని మెచ్చుకున్నవాళ్ళూ తయారయ్యారు. ఇద్దరూ హంతకులే. మగవాడి క్రూరత్వంలో మాత్రం కొందరికి దమ్ము కనిపించింది.

ఇది కొరియాకో జాంబీలకో పరిమితం కాదు. అమెరికాలో ‘బ్రేకింగ్ బ్యాడ్’ సీరియల్‌లో మాదకద్రవ్యాలు వండి అమ్మే భర్తను జనం హీరో చేసుకున్నారు. అతన్ని అడ్డుకున్న భార్యను అసహ్యించుకున్నారు. ఆ పాత్ర వేసిన అన్నా గన్, ఆ ద్వేషం పాత్రను దాటి తన మీదికే వచ్చిందని 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది. మన ‘కార్తీక దీపం’ సంగతి చూడండి. 2017 నుంచి 2023 దాకా సాగిన ఆ సీరియల్‌లో వంటలక్కను తెలుగు ఇళ్ళన్నీ సొంత మనిషిలా చూసుకున్నాయి. నల్లగా ఉందని చిన్నచూపు చూసినా, భర్త శీలాన్ని శంకించి వదిలేసినా, వంట చేసి బిడ్డను పెంచుకున్న మనిషి ఆమె. ఆ ప్రేమ నిజమైనదే. కానీ వంటలక్క అన్నేళ్ళు సహించకుండా, మొదటి ఏడాదే కోర్టుకెక్కి భరణం అడిగి ఉంటే ఆ ప్రేమ అలాగే ఉండేదా? ఓర్చుకునే ఆడదానికి హారతి, ఎదురు తిరిగిన ఆడదానికి అనుమానం. ఈ కొలబద్ద సీరియళ్ళు పుట్టకముందు నుంచీ ఉంది.

అందుకే మూడో రకం స్పందన గురించి ఎక్కువగా ఆలోచించాలి. ఉన్-జి కథ వినగానే చాలామంది నోటికి వచ్చే ప్రశ్న: ముందే ఎవరికైనా చెప్పొచ్చు కదా? చెబితే ఏమవుతుందో మన నగరానికి తెలుసు. 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసి, ఆమె భర్త చావుకు కారణమైనప్పుడు నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా రాయచూరు కోర్టులో 1981లో నిందితులు విడుదలయ్యారు. ఆ కేసు పొడవునా విచారణ ఆమె నడత మీదే తిరిగింది. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ అమ్మాయిలు స్నానాల గదుల్లో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో అర్ధరాత్రి బయటికొచ్చి ఆందోళన చేశారు. కెమెరాలు దొరకలేదని పోలీసులన్నారు. 2025 జనవరి మొదట్లో మనకు పక్కనే మేడ్చల్ దగ్గర ఇంకో హాస్టల్ అమ్మాయిలు తమను స్నానాల గదిలో వీడియో తీస్తున్నారని రోడ్డెక్కారు. కెమెరా దొరికిందా లేదా అన్నది పోలీసుల లెక్క. స్నానం చేసేటప్పుడు గోడల వంక, కిటికీ వంక చూసుకుంటూ పిల్లలు బతుకుతున్నారన్నది మన లెక్క.

చట్టం లేదా అంటే ఉంది. అనుమతి లేకుండా స్త్రీ ఏకాంతాన్ని చిత్రించడాన్ని 2013లో నేరంగా చేర్చారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. అందులో ఒక ముఖ్యమైన వివరణ ఉంది. ఆమె ఒప్పుకుని తీయించుకున్న బొమ్మ అయినా, ఆమె ఒప్పుకోకుండా ఇతరులకు పంపితే నేరమే. ఈ ఒక్క వాక్యం మన పిల్లలకు తెలిస్తే, ‘నువ్వే కదా పంపావు’ అనే బెదిరింపు సగం చచ్చిపోతుంది. సమాచార సాంకేతిక చట్టంలో 66-ఇ, 67, 67-ఎ సెక్షన్లున్నాయి. ఏ పోలీసు స్టేషన్ పరిధి అన్నదానితో పని లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి విషయాలను పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి షీ టీములున్నాయి.

కానీ సంస్థల్లో పనిచేసే మనకు ఒక చిక్కు ఉంది. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్ల మన దగ్గరికి వచ్చి, ‘అక్కా, అమ్మకు మాత్రం చెప్పొద్దు’ అంటుంది. పోక్సో చట్టం ప్రకారం నేరం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి తరువాత తప్పితే, ఆ పిల్ల ఇంకెవరి దగ్గరికీ వెళ్ళదు. మాట ఇచ్చి నిలబెట్టుకుంటే చట్టాన్ని తప్పినవాళ్ళమవుతాం, పైగా ఆ వీడియో ఇంకో పిల్లను వేటాడుతుంది. అందుకే ఇవ్వలేని మాట ఇవ్వకుండా, మొదటి రోజే నిజం చెప్పాలి: ‘ఇది నేను దాచలేను. కానీ ప్రతి అడుగులో నీ పక్కనుంటాను. ఇంట్లో మీ అమ్మతో మాట్లాడేది కూడా మనిద్దరం కలిసే.’ అలా అని, అన్నట్టే చెయ్యాలి. ఆ వీడియో చూపించమని మాత్రం అడగకూడదు. సాక్ష్యాన్ని పోలీసులు చూసుకుంటారు. మనం చూడవలసింది ఆమె ముఖాన్ని.

ఆ వీడియోకు అంత బలం ఎక్కడ నుంచి వచ్చింది? తీసినవాడి ఫోనులో ఉన్నంతసేపు అదొక నేరానికి సాక్ష్యం. వాడిని జైలుకు పంపవలసిన వస్తువు. చేతులు మారి, చూసిన ప్రతివాడూ ఆమెను వేలెత్తి చూపినప్పుడే అది ఆమె మెడకు ఉరితాడు అవుతోంది. సిగ్గుపడవలసింది తీసినవాడు, పంపినవాడు, తెరిచి చూసినవాడు. ఈ మాట మనం ఎప్పటి నుంచో అంటున్నాం. కానీ వాట్సాప్‌లో అలాంటిది వచ్చినప్పుడు మన ఇళ్ళలో మగపిల్లలు ఏం చేస్తున్నారు? మన అన్నదమ్ములు, భర్తలు ఏం చేస్తున్నారు? అక్కడ దాకా మన మాట వెళ్ళిందా?

ఆ సీరియల్‌కు రెండో సీజన్ వస్తుందని 2022 జూన్‌లోనే ప్రకటించారు. మన పిల్లలు అదీ చూస్తారు. చూడొద్దని ఫోను లాక్కుంటే, రేపు వాళ్ళకు కష్టం వచ్చినప్పుడు మనకు చెప్పే దారి కూడా మూసేసినట్టే. ఈసారి బస్తీ సమావేశంలో చట్టాల పట్టిక చదవడానికి ముందు, పిల్లల్ని ఆ కథ చెప్పమని అడుగుదాం. ఉన్-జి ఎవరికి చెప్పి ఉంటే బాగుండేదని అడుగుదాం. ఎవరి పేరూ చెప్పలేక వాళ్ళు మౌనంగా ఉండిపోతే, మన పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.